బందు రోజున కొలిచిన జాగ

పట్నాలకు నక్షలు గీయడం నేర్చుకుంటున్న పిల్లలకు ముందే ఒక మాట చెప్పేస్తాను. బందు రోజున టేపు పట్టకండి. దుకాణాలు మూసి, బస్సులు ఆగి, రోడ్డు ఊడ్చిన వాకిలిలా ఉన్న రోజున కొలతలు బ్రహ్మాండంగా వస్తాయి. అంగుళం తేడా పోదు. అట్లాంటి బ్రహ్మాండమైన కొలతలతోనే నేను పాతిక ముప్పై మంది ఆడవాళ్ళ నోటి దగ్గరి కూడు లాగేశాను.

ఇదేదో ముసలితనంలో చేసుకునే పశ్చాత్తాపం అనుకోకండి. పశ్చాత్తాపం లేదని కాదు, దాని వంతు తర్వాత. ముందు కోపం. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా పాత బస్టాండు మలుపు దగ్గర ఆటో దిగితే నాకు చెవులు వేడెక్కుతాయి. ఇంటికి పోతే మా ఆవిడ ముఖం చూసి బీపీ గోలీ వేసుకున్నావా అని అడుగుతుంది. గోలీతో పోయే కోపం కాదిది. ఇందులో ఎవరి పేరూ రాయను. పేర్లు రాస్తే తప్పంతా ఆ నలుగురి మీదికి నెట్టి మిగతా అందరం చేతులు కడుక్కుంటాం. మా సంస్థ పేరు, మేము నక్షలు అందించిన సర్కారు ఆఫీసు పేరు కూడా అందుకే తీసేశాను.

అప్పటికి సిద్దిపేట జిల్లా కాలేదు. మెదక్ జిల్లాలో ఒక పట్టణం. కానీ ఊరు నాలుగు దిక్కులా పాకడం అప్పటికే మొదలైంది. నిన్న మక్కచేను ఉన్న చోట ఇవాళ ప్లాట్ల రాళ్ళు కనిపించేవి. అట్లాంటప్పుడు హైదరాబాదు నుంచి మా సంస్థ వచ్చి రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని బోర్డు పెట్టింది. "ప్రజలే కేంద్రంగా పట్టణ రూపకల్పన" అని ఆ బోర్డు మీద ఉండేది. మొదటి నెలంతా జనం లోపలికొచ్చి ఇది చిట్టీల ఆఫీసా, ఇన్సూరెన్సా అని అడిగిపోయేవాళ్ళు. నేను అంతకు ముందు ఇరవై ఏళ్ళకు పైగా ఒక ప్రైవేటు ఇంజనీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీశాను. కాగితం మీద ఇంటి చుట్టూ ఖాళీ వదలడం, కట్టేటప్పుడు ఆ ఖాళీని మింగడం, ఇదీ ఆ ఉద్యోగం. విసుగొచ్చి యాభై ఏళ్ళ వయసులో ఇందులో చేరాను. ఇన్నాళ్ళకు నిజాయితీ పని దొరికిందని మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మా పద్ధతి మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. ముందు వీధిని కొలవాలి. గోడ ఎక్కడుంది, మురుగు మోరీ ఎక్కడుంది, నల్లా ఎక్కడుంది అన్నీ రాసుకుని నక్ష గీయాలి. ఆ నక్షను పెద్ద ఫ్లెక్సీగా అచ్చు వేయించి హాలు మధ్య నేల మీద పరవాలి. వీధి వాళ్ళను పిలిస్తే చెప్పులు విప్పి దాని మీద నడుస్తారు. ఇదిగో మా ఇల్లు, ఇక్కడ లైటు కావాలి, ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి అని వేలు పెట్టి చూపిస్తారు. చదువు రాని వాళ్ళు కూడా తమ వీధిని తామే దిద్దుకోవచ్చన్నది దాని వెనక ఉన్న ఆలోచన. చిక్కల్లా ఒక్కటే. కొలిచినవాడు ఎక్కించని మనిషికి ఆ నక్ష మీద కాలు పెట్టే చోటుండదు.

టేపు ఒక కొస నాది. రెండో కొస పట్టేది నాకంటే పదేళ్ళు చిన్నవాడైన ఒక ముస్లిం సహోద్యోగి. వాళ్ళ నాన్న పాత బజారులో దర్జీ. తండ్రి కుట్టిన లాగులు వేసుకోని మగవాడు ఊళ్ళో ఉండడు గనుక కొడుక్కి ప్రతి గల్లీలో చుట్టరికమే. నన్ను సాబ్ అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. నాకు గోడలు తెలుసు, ఆయనకు మనుషులు తెలుసు.

పాత బస్టాండు మలుపులో ఒక బడి ప్రహరీ గోడ ఉంది. గోడకూ రోడ్డుకూ మధ్య పొడుగ్గా ఒక పట్టీ జాగ. పొద్దున మొదటి బస్సులకు మిరుదొడ్డి నుంచి, కోహెడ నుంచి, తొగుట వైపు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు గంపలతో దిగి అక్కడ వరుసగా కూర్చునేవాళ్ళు. పాలకూర, పుంటికూర, కొత్తిమీర, చిక్కుడు, సొరకాయలు. మలుపు దగ్గర మొదటి జాగ మిరుదొడ్డి నుంచి వచ్చే ఒకామెది. ఆమెను అందరూ అక్క అనేవాళ్ళు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. ఆ గోడ నీడ పొద్దున పదకొండు దాకా రోడ్డు వైపే పడుతుంది. నీడ గోడ మొదట్లోకి వచ్చేసరికి వాళ్ళ గంపలు ఖాళీ అయ్యేవి. ఎవరు చెప్పారు వాళ్ళకు ఈ లెక్క? ఎవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఎండలో కూర్చుని నేర్చుకున్నారు.

ఆ మలుపు కొలవడానికి మూడుసార్లు పోయి మూడుసార్లూ ఓడిపోయి వచ్చాం. టేపు పరవగానే దాని మీదుగా బస్సు పోయేది. ఆటోవాడు దాని మీదే ఆపేవాడు. ఒకసారి టేపు కొత్తిమీర కట్టల మీద పడితే అక్క నా వైపు చూసి, "సారూ, నీ పట్టీ నా కూర మీదికెల్లి గుంజుతున్నవ్. గది జర లేపి గొలువు" అంది. వరుసంతా నవ్వింది. నాకు మాత్రం ముఖం మాడింది. అక్కడ ఒక్క మలుపు మిగిలి నక్ష మొత్తం ఆగిపోయింది. హైదరాబాదు నుంచి మా డైరెక్టరు మేడం రోజూ ఫోను చేసి ఎప్పుడవుతుందని అడిగేది.

అప్పుడు సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం బళ్ళు, బస్సులు, ఆఫీసులు అన్నీ ఆగిన రోజులవి. సిద్దిపేటలో ఆ రోజుల గురించి వేరే చెప్పక్కర్లేదు, టెంటు లేని చౌరస్తా లేదు. మేమూ జెండాలు పట్టుకుని తిరిగినవాళ్ళమే. ఒక సాయంత్రం ఊరేగింపు నుంచి వస్తూ పాత బస్టాండు మలుపు చూశాను. ఒక్క బండి లేదు, ఒక్క గంప లేదు. నున్నగా, బోసిగా ఉంది. ఇరవై ఏళ్ళు గీతలు గీసినవాడికి అట్లాంటి రోడ్డు కనిపిస్తే చేతులు ఊరుకోవు. రేపు పొద్దున్నే వచ్చి కొలిచేద్దామని భాయ్‌తో అన్నాను.

భాయ్ పొద్దున వచ్చాడు. టేపు కొస చేతికిస్తే వెంటనే పట్టుకోలేదు.

"ఆజ్ నక్కో, సాబ్" అన్నాడు. "ఇయ్యాల వద్దు, బందు. మనుషులే లేరు. ఇయ్యాల గొలిస్తె గోడలే దొరుకుతయ్, ఊరు దొరకది."

మనం కొలిచేది గోడలనే కదా అన్నాను నేను. ఎంత తెలివైన జవాబు. ఆయన కొస పట్టుకుని గోడ దాకా నడిచాడు. రెండు గంటల్లో మలుపంతా అయిపోయింది. నా జీవితంలో అంత శుభ్రమైన కొలతలు మళ్ళీ రాలేదు. గోడకూ రోడ్డుకూ మధ్య పట్టీ దగ్గరికి వచ్చేసరికి అందులో ఏమని రాయాలో ఒక్క క్షణం ఆగాను. ఆగానని నాకు బాగా గుర్తు. అక్కడ ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. అయినా ఆ పొద్దున అక్కడ ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు రాయడమే కదా సర్వే అనుకుని "ఖాళీ జాగ" అని రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలు, మా పాత ఇంజనీరు మెచ్చుకున్న దస్తూరి.

అక్కడి నుంచి నేరుగా పెద్ద రోడ్డు మీదికి పోయాం. ఆ రోజు అక్కడ వంటావార్పు. రోడ్డు మధ్యన రాళ్ళ పొయ్యిలు, పెద్ద గంజులు, పొగ. పొయ్యిల దగ్గర ఉన్నది ఎవరనుకున్నారు? మలుపు దగ్గరి వరుసంతా అక్కడే ఉంది. బస్సులు లేకపోతే ట్రాక్టర్లెక్కి వచ్చారట. అమ్మకానికి కోసిన కూరంతా ఉద్యమానికని తెచ్చి గంజుల్లో వేశారు. అక్క కొంగు నడుముకు చుట్టి గరిటె తిప్పుతోంది. నన్ను చూసి విస్తరి వేసి అన్నం, పుంటికూర పప్పు వడ్డించింది. ఇంత పొద్దున్నే ఎక్కడి నుంచి వస్తున్నామని అడిగింది. మీ మలుపు కొలిచి వస్తున్నామని చెప్పాను.

"మంచిగ గొలువున్రి సారూ. మేమంత గీడ్నే ఉన్నం గద, మీకు అడ్డం లేకుంట అయ్యింది" అని ఇంకో గరిటెడు పప్పు వేసింది.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నేను ముందు లెక్కపెట్టి తర్వాత తిన్నాను. రాత పుస్తకం సంచిలో, సంచి నా మోకాలి పక్కన ఉంది. పప్పు చాలా బాగుంది. భాయ్ మాత్రం సగం తిని చెయ్యి కడుక్కున్నాడు.

నాలుగు నెలలకు నక్ష తయారైంది. హైదరాబాదు ఆఫీసులో దానికి రంగులు వేశారు. నా చేతిరాతలోని ఖాళీ జాగ అక్కడ పచ్చ రంగు తొడుక్కుంది. ఇనుప కంచె, సిమెంటు బెంచీలు, మధ్యలో నీళ్ళు చిమ్మే ఫౌంటెను. దానికి "ప్రజా ప్రాంగణం" అని పేరు, కింద చిన్న అక్షరాల్లో "ఇప్పుడున్నది ఖాళీ జాగ" అని. ప్రజలను లేపి కట్టే దానికి ప్రజల పేరు పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, ఆ మనిషి ఇప్పటికీ ఎక్కడో జీతం తీసుకుంటూనే ఉంటాడు.

ఫ్లెక్సీ వచ్చిన రోజు భాయ్ దాన్ని విప్పి చూసి నా ముఖంలోకి చూశాడు.  మేడం ఆ రోజు మా ఆఫీసులోనే ఉంటే వెళ్ళి చెప్పాను, ఆ జాగ ఖాళీ కాదు, అక్కడ కూరగాయలమ్మే ఆడవాళ్ళు కూర్చుంటారని. మేడం చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. చేనేత చీర కట్టుకుని బస్సులో వచ్చేది, ప్రతి ఒక్కరినీ మీరు అనేది, మాతో కూర్చుని మిర్చిబజ్జీ తినేది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, నోటుబుక్కులో రాసుకుంది కూడా. వాళ్ళ సంగతి రెండో దశలో చూద్దామంది. సర్వేలో మీరే ఖాళీ అని రాశారు కదా, ఇప్పుడు మారిస్తే మొత్తం సర్వే మీదే అనుమానం వస్తుందంది. నేను సరే అన్నాను. పిల్లలూ, మా రంగంలో రెండో దశ అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను. రెండో దశ ఎప్పుడూ రాదు.

నేను సరే అని ఊరుకుంటే భాయ్ ఊరుకోలేదు. పొద్దున్నే మలుపు దగ్గరికి పోయి, ఫలానా రోజు హాల్లో మీటింగు, మీ జాగ పోతోంది, వచ్చి అడగండి అని వరుసంతా తిరిగి చెప్పి వచ్చాడు. నాకు చెప్పకుండా చెప్పాడు. నన్ను నమ్మలేదన్నమాట. సరిగ్గానే లెక్కేశాడు.

మీటింగు రోజు ఫంక్షన్ హాలు నిండింది. దుకాణాల వాళ్ళు, పంతుళ్ళు, సర్కారు ఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు. సమోసాలు, చాయ్. నేల మీద నక్ష పరిచాం. జనం చెప్పులు విప్పి నడుస్తూ తమ తమ దుకాణాలు వెతుక్కుని మురిసిపోతున్నారు. అప్పుడు గుమ్మం దగ్గర గంపలు దించుతున్న చప్పుడైంది. ఆ రోజు అమ్మకం మధ్యలో వదిలి వరుసంతా వచ్చేసింది. గంపలు బయటపెట్టి, చెప్పులు విడిచి, కొంగులు సర్దుకుని లోపలికొచ్చి వెనక నిలబడ్డారు. అక్క ముందుకు వచ్చి భాయ్‌ను పిలిచి తన మలుపు ఎక్కడుందో చూపించమంది. భాయ్ చూపించాడు. అక్కడ ఏం రాసి ఉందో చదవమంది. భాయ్ చదివాడు.

"గీడ ఖాళీ జాగ అని రాసిన సారెవలు?" అని అడిగింది.

గొంతు పెంచలేదు. హాలంతా చూస్తూ అడగలేదు. నన్నే చూస్తూ అడిగింది. వంటావార్పు నాడు నేను విస్తరి ముందు కూర్చుని చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. ఆమెకు జవాబు తెలుసు. తెలిసి కూడా నా పేరు పెట్టకుండా నాకొక అవకాశం ఇచ్చింది. నేను ముందుకొచ్చి నేనేనమ్మా, బందు రోజున రాశాను, తప్పు రాశాను అని నాలుగు మాటలు అంటే అయిపోయేది. అధికారుల ముందు అంటే అది రాతలోకి ఎక్కేది. నేను నా కాళ్ళ వేళ్ళను చూసుకుంటూ నిలబడ్డాను. భాయ్ నా వైపు చూస్తున్నాడని చూడకుండానే తెలుస్తోంది.

అక్క నడుముకు చెక్కిన గోనెపట్టా తీసింది. దులిపి, ఆ పచ్చరంగు మీద పరిచి, కూర్చుంది. "నేను కూసునేది గీడ. సూస్కోన్రి" అంది. ఆమె పక్కన కోహెడ అక్కాచెల్లెళ్ళిద్దరూ వచ్చి కూర్చున్నారు. వాళ్ళ తర్వాత సొరకాయలమ్మే ముసలామె, తర్వాత ఇంకొకరు, చిట్టచివర తొగుట వైపు వేములఘాట్ నుంచి వచ్చే ఆమె. మలుపు దగ్గర రోజూ కూర్చునే వరుసే, ఒక్క జాగ అటూ ఇటూ కాలేదు. నేను కొలవాల్సిన సర్వే అది, నా కళ్ళ ముందు తనంత తానే వచ్చి కూర్చుంది. ఫ్లెక్సీ మీద వాళ్ళకు చాలినంత చోటు లేక వరుస బస్టాండు మీదికీ, రెండు బట్టల దుకాణాల మీదికీ పాకింది. ఆ దుకాణాలాయన తన దుకాణం కనిపించడం లేదని గొణిగాడు.

మేడం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన నీళ్ళే. "చూశారా, ఇదీ ప్రజల భాగస్వామ్యం అంటే" అని చప్పట్లు కొట్టింది. అధికారులు కొట్టారు. హాలంతా కొట్టింది. నేనూ కొట్టాను. ఫోటోగ్రాఫరు పరుగెత్తుకొచ్చాడు. వరుస రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చుంటే ఇతను గోడ వైపు నిలబడి తీశాడు. అమ్మా అని పిలిస్తే అక్క ఒక్కతే వెనక్కి తిరిగి చూసింది.

అంతమంది చప్పట్లు కొట్టేసరికి పాపం వాళ్ళు గెలిచామనుకున్నారు. చప్పట్లు కొట్టి కాదనే మనుషులు ఉంటారని వాళ్ళకు అప్పటికి తెలియదు. పోయేటప్పుడు గంప నెత్తికెత్తుకుంటూ అక్క నన్ను అడిగింది.

"రాసుకున్నరు గద, సారూ?"

"రాసుకున్నరు" అన్నాను.

ఒకరోజు నోరు మూసుకుని మోసం చేస్తే ఒక లెక్క. నోరు తెరిచి చేసింది ఇది. నాకు ఎవరి మీద ఎంత కోపం వచ్చినా చివరికి ఈ ఒక్క మాట దగ్గర అదంతా నా మీదికి మళ్ళుతుంది.

మర్నాడు పొద్దున భాయ్ ఆఫీసుకొచ్చి టేపు నా బల్ల మీద పెట్టాడు. "నా కొస నేను ఇడ్సిపెడ్తున్న, సాబ్. నువ్వు మంచోనివే. గదే పరేశాన్" అన్నాడు. మళ్ళీ రాలేదు. వాళ్ళ నాన్న దుకాణంలో కూర్చుని ఇప్పటికీ బట్టలు కుడుతున్నాడు. ఎదురుపడితే సలాం చెబుతాడు, చాయ్ తాగమంటాడు, ఆ సంగతి మాత్రం ఎత్తడు.

"ప్రజల ఆమోదంతో" నక్ష సర్కారు ఆఫీసుకు పోయింది. ఆ ఎండాకాలం ఒక పొద్దున మొదటి బస్సు దిగిన ఆడవాళ్ళకు తమ జాగలో గుంతలు, ఇనుప కమ్మీలు కనిపించాయి. రోడ్డు అవతల కూర్చుంటే దుకాణాల వాళ్ళు లేపారు. రోడ్డు అంచున కూర్చుంటే ఆ ఆఫీసు తరఫున కర్ర పట్టుకున్న మనిషి వచ్చి లేపాడు. సగం మంది రావడం మానేశారు. అప్పుడు పోయి నేనొక్కణ్ణే టేపు ఒక కొస రాయికి కట్టి, మామూలు అమ్మకం రోజున, మిగిలినవాళ్ళను అడిగి అడిగి ఎవరి జాగ ఎంతో కొలిచి కొత్త నక్ష గీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది. మేడం దాన్ని చాలా మెచ్చుకుని రెండో దశ ఫైలులో పెట్టింది.

ఆ ఏడాది మా సంస్థ నివేదిక అచ్చయి వచ్చింది. మంచి మందపాటి కాగితం. అట్ట మీద మా నక్ష, దాని మీద వరుసగా కూర్చున్న ఆడవాళ్ళ వీపులు, మొదట్లోంచి తిరిగి చూస్తున్న అక్క ముఖం. కింద "తమ నగరాన్ని తామే దిద్దుకుంటున్న మహిళలు" అని రాసి ఉంది. ఆ అట్ట చూసి దూరదూరాల నుంచి మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. ఒక్క ఉత్తరంలోనైనా ఈమె ఇప్పుడు ఎక్కడ కూర్చుంటోందని అడగలేదు.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు ఊరంతా పూనకం వచ్చినట్టు ఊగింది, నేనూ ఊగాను. ఆ ప్రజా ప్రాంగణంలోనే మైకు పెట్టారు, మిఠాయిలు పంచారు. రోడ్డు శుభ్రంగా కనిపించాలని పొద్దున్నే గంపలను అక్కడి నుంచి తోలేశారు. కంచె అవతల జనంలో అక్క కనిపించింది. జుట్టు నిండా గులాల్, గంప చంకలో పెట్టుకుని చప్పట్లు కొడుతోంది. ఆమె సంతోషం చూసి నాకు దుఃఖం వచ్చింది. పొయ్యి దగ్గర గరిటె తిప్పినవాళ్ళు కంచె బయట, విస్తరి ముందు కూర్చున్న నేను కంచె లోపల, కుర్చీలో.

ఆ బెంచీల మీద ఎవరు కూర్చుంటారని అడుగుతారేమో. ఎవరూ కూర్చోరు. జనం తీరిగ్గా బయటికొచ్చే సాయంత్రం వేళ ఆ గోడకు నీడ ఉండదు, సిమెంటు కాలిపోతుంటుంది. నీడ ఎప్పుడు ఎటు పడుతుందో మేము కొలవలేదు. ఫౌంటెను మొదటి ఎండాకాలానికే ఎండిపోయింది.

పదవీ విరమణ రోజు శాలువా కప్పి, మాట్లాడమన్నారు.  అలమారలో నుంచి పాత నివేదిక ఒకటి తీసుకుని బయటపడి నేరుగా మలుపుకు పోయాను. కంచె బయట, మోరీ అంచున నలుగురైదుగురు ఇంకా కూర్చుంటున్నారు. అక్క ముందు గొంతుక్కూర్చుని, ఖాళీ జాగ అని రాసింది నేనే అని చెప్పాను. చెప్పడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

"ఎరుకే. బువ్వ తినుకుంట నువ్వే జెప్పినవ్ గద" అంది, కొత్తిమీర కట్టలకు నీళ్ళు చల్లుతూ.

తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంటికి పోయి నిద్రపోయేవాణ్ణి. పుస్తకం చేతికిచ్చి అట్ట చూపించాను. చాలాసేపు చూసింది.

"గిండ్ల నేను కూసునే ఉన్న గద. మరి గీడికెల్లి ఎందుకు లేపిన్రు?" అని అడిగింది.  ఆమె అట్ట చింపి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నడుముకు చెక్కుకుంది.

ఆ తర్వాతి సంగతి ఆమే చెప్పింది. కర్ర మనిషి వస్తే ఆ అట్ట తీసి చూపించిందట. రంగుల కాగితం, కింద సంస్థ ముద్ర, వరుస మొదట్లో ఈమె ముఖం. గిది సర్కారు పుస్తకం, గిండ్ల నా జాగ రాసున్నది అందట. అతనికి ఏం చేయాలో తోచక, ఎవరికో ఫోను చేసి, వెళ్ళిపోయాడట. అప్పటి నుంచి ఆమె జోలికి రావడం లేదు. నేను కొలిచి గీసిన రెండో నక్ష చేయలేని పని, ఆ అబద్ధపు అట్ట చేసింది. దీనికి సంతోషించాలో మండిపడాలో నాకు తెలియక మండిపడుతూనే ఉన్నాను.

పోయిన నెల కూరకు పోయాను. వరుస చివరి నుంచి వేములఘాట్ ఆమె లేచి వచ్చింది. వేములఘాట్ ఇప్పుడు లేదు, రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఆమె ఎక్కడో దూరపు కాలనీ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది, చేను లేదు గనుక కొని అమ్ముతుంది. కర్ర మనిషి ఆ పొద్దునే ఆమె గంపను తన్నాడట. అక్క దగ్గరి ప్లాస్టిక్ సంచి అడిగి తీసుకుని, అట్టను నా ముందు జాగ్రత్తగా విప్పింది. వరుసలో చిట్టచివరి వీపు మీద వేలు పెట్టింది. జాకెట్టు మీద చిన్న అతుకు కూడా కనిపిస్తోంది.

"గీ ఈపు నాదే, సారూ" అంది. "మొకం లేకుంటేంది, ఈపు ఉన్నది గద. నాకు గిది నడువదా?"